రేకులు దింపిన పొద్దు

జనగామల చేతుల ఏం పట్టుకొని తిరిగినా ఎవ్వలు పట్టించుకోరు. కత్తి పట్టుకొని పోతే కొబ్బరి బోండాలోడు అనుకుంటరు, కట్టె పట్టుకొని పోతే బర్లు కాసెటోడు అనుకుంటరు. గని టేపు పట్టుకొని ఒక్క గల్లీల కాలువెట్టుండ్రి, సూద్దాం! కుక్కలకన్న ముందు మనుషులే లేస్తరు. ఎనకట పెద్దరోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎందరి అరుగులు, ఎందరి ముందటర్రలు ఆ టేపు కింద వడి పోయినయో వాళ్లకు ఇంకా యాదికున్నది. పాము కరిచినోనికి తాడు సుత పామే గద.

గీ సంగతి సంధ్యకు తెల్వదా అంటే, తెల్సు. మస్తు మంచిగ తెల్సు. లొల్లంత అక్కడనే ఉన్నది.

సంధ్యది పెద్దవంగర. వాళ్ల బాపు సారయ్యకు మూలమలుపు కాడ పంచర్ల దుకాణం. దుకాణమంటే ఏంది? నాలుగు గుంజలు పాతి, పైన రేకులేసిన షెడ్డు. రోడ్డు ఆఫీసర్లు వస్తున్నరని కబురు తెలిస్తే చాలు, సారయ్య చాయ్ సుత తాగకుంట రేకులు దింపి, గుంజలు పీకి, గుంతలల్ల మట్టి నింపి, పైకెల్లి నీళ్లు చల్లి, ఏం ఎరుగని అమాయకుని లెక్క అవతల రాయి మీద కూసుండెటోడు. జీపు అటు పోంగనే ఇటు గుంజలు మల్ల లేసేటియి. ఆ గుంజలు నిటారుగ పట్టుకొని నిలవడ్డది ఎవలనుకుంటున్నరు? గీ సంధ్యనే. లంగా జాకెట్టు తొడిగిన కాన్నుంచి ఇంజినీరింగ్ కాలేజీకి పోయేదాంక ఆమెనే.

సదువు అయినంక హన్మకొండల ఒక ఆఫీసుల కుదిరింది. ఆ ఆఫీసు పనేందంటే, ఊరి నడుమ ఎవలన్న పాత ఇల్లు కూలగొట్టి ఫ్లాట్లు కడ్తమంటే, ఆ ఫ్లాట్లల్ల దిగెటోళ్ల కార్లు, బండ్లు బయటికొస్తే రోడ్డు తట్టుకుంటదా ఆగమైతదా అని చూసి రిపోర్టు ఇచ్చుడు. పొద్దంత రోడ్డు పక్కన కూసోని పోయేటి వచ్చేటి బండ్లు రాసుకోవాలె, వెడల్పు కొలువాలె, ఏమేం అడ్డమున్నయో చూడాలె. ఇనేటందుకు పిల్లల ఆట లెక్కుంటది. గని కొత్త ఇంటి గేటు ఎటు దిక్కు వెట్టాల్నో ఆ రిపోర్టు చూసే మున్సిపాలిటీ తేలుస్తది.

జనగామల జితేందర్ అనే బిల్డరు అట్లనే ఒక పాత పెంకుటిల్లు కొన్నడు. ఇంటి ముఖం పెద్దరోడ్డు దిక్కు, వీపు సున్నపుబట్టి గల్లీ దిక్కు. ముఖం దిక్కు దుకాణాలు కట్టుకుంటే కిరాయిలు మంచిగొస్తయి, గేటు ఎనుక గల్లీలకు వెట్టుకుంటే సరిపాయె అని ఆయన లెక్క. గల్లీ ఆ కార్లకు సరిపోతదని రిపోర్టు వస్తే ఆయన పంట పండినట్టే. గల్లీ ఇరుకు అని వస్తే గేటు పెద్దరోడ్డుకే తిప్పుకోవాలె.

ఆఫీసుల పెద్దసారు విక్రమ్ సంధ్యను పిలిచి చెప్పిండు. "మొదటిసారి ఒక్కదానివే పోతున్నవు. ఈ చిన్న పని చప్పుడు లేకుంట చేసుకరా. భూపాలపల్లి బొగ్గు లారీల రోడ్డు సర్వే వస్తున్నది, దానికి ఇంచార్జివి నువ్వే." సంధ్యకు ఆ మాటతోని కాళ్లు భూమ్మీద ఆగలే. ఇంచార్జి! ఆఫీసు బండి, కింద నలుగురు మనుషులు!

ముందటి దినం పొద్దుమీకి జనగామల బస్సు దిగి ఆటో ఎక్కింది. ఆటో నడిపేటాయన పేరు ఐలేశ్. "ఏం పని మీద వచ్చిండ్రు మేడం?" అని మామూలుగనే అడిగిండు. ఈమె ఫోన్ చూసుకుంటనే, "రేపు సున్నపుబట్టి గల్లీ కొల్వాలె అన్న, సర్వే" అన్నది. ఐలేశ్ ఉండేది ఆ గల్లీలనే అని ఆమెకేం ఎరుక?  ఆయన లాడ్జి కాడ దింపి, బండి తిప్పి, ఎవలో తరిమినట్టు పోయిండు.

తెల్లారి సంధ్య గల్లీల కాలువెట్టింది. అబ్బ, ఏం గల్లీ! ఈ కొసకెల్లి ఆ కొసదాంక అద్దం లెక్క ఊడ్చివెట్టి ఉన్నది. ఒక్క బండి లేదు, ఒక్క తోపుడు బండి లేదు, కూసునే గడంచె లేదు, నీళ్ల డ్రమ్ము లేదు. పెండ్లిచూపులకు కూసుండవెట్టిన పిల్ల తీర్గ నీటుగున్నది. ఐలేశ్ తన ఆటో సుత యాడనో దాచివెట్టి, తలకు నూనె రాసుకొని, "రాండ్రి మేడం, టేపు ఇటియ్యుండ్రి, నేను పట్టుకుంట" అని ఎదురొచ్చిండు. ఈ గోడకెల్లి ఆ గోడకు టేపు గుంజినంక ముఖం ఇంత చేసుకొని, "చూసిండ్రా, మా గల్లీ ఎంత ఫరాఖత్‌గ ఉన్నదో! ఇగ వెడల్పు చేసే పనే లేదు" అన్నడు.

సంధ్యకు అర్థమైంది. గల్లీ వెడల్పు చేసేటందుకు వచ్చిందనుకొని వీళ్లు అన్నీ దాచిండ్రు. గల్లీ పెద్దగ కనవడితే ఇండ్లు బతుకుతయని వీళ్ల ఆశ. అసలు సంగతి ఉల్టా ఉన్నది. గల్లీ ఇరుకు అని తేలితేనే వీళ్లకు మంచిది, పెద్దగున్నదని తేలితే జితేందర్ ఫ్లాట్ల కార్లన్నీ వీళ్ల వాకిళ్లల్లకెల్లే. ఆ ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. గని భూపాలపల్లి పని యాదికొచ్చి టేపు చుట్టుకున్నది.

గల్లీ నడుమ హసన్ బీ ఇల్లు. ముసలామె, ఒంటి మీద తెల్ల చున్నీ, నోట్లె తమలపాకు. ఆమె కొడుకు మొయినుద్దీన్ లారీ మీద తిరుగుతడు, పండుగకో పబ్బానికో వస్తడు. కోడలు ఫిర్దౌస్ బట్టలు కుడ్తది. హసన్ బీ సంధ్య కోసం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గోడ నీడకు వేసింది. గ్లాసుల చాయ్ వోసి, కింద సాసర్ వెట్టి తెచ్చింది. "తాగు బిడ్డా. ఎండల వచ్చినవు, ఆడిపిల్లవు. మా గల్లీకి వచ్చినోళ్లు చాయ్ తాగకుంట పోరు" అన్నది.

సంధ్య చాయ్ తాగుకుంట కిందికి చూసింది. కాళ్ల కాడ దారం ముక్కలు. ఎర్రయి, పచ్చయి, చిలుకరంగయి, ఎంత ఊడ్చినా మట్టిల అతుక్కపోయినయి. జర అవతల పచ్చి మట్టితోని నింపిన నాలుగు గుండ్రటి మచ్చలు, మీద నీళ్లు చల్లిన తడి ఇంకా ఆరలే. గోడ మీద ఎండ తగలని జాగ మిగిలిన గోడకంటె తెల్లగ, రేకు ఎంత పొడుగున్నదో అంత పొడుగు కనవడుతున్నది. వాళ్ల బాపే వచ్చి చేసిపోయినట్టున్నది. అదే పనితనం, అదే నీళ్లు చల్లుడు. దర్వాజల ఫిర్దౌస్ కూసోని చేత్తోని కుట్లేస్తున్నది. ఆమె ఎనుక అర్ర పట్టపగలు సుత చీకటి గుయ్యారం, కిటికీ లేదు. ఆ చీకట్ల దుప్పటి కప్పిన కుట్టుమిషన్ చక్రం జరంత బయటికి కనవడుతున్నది.

అప్పుడే పక్క గల్లీ భూలక్ష్మి జాకెట్ గుడ్డ పట్టుకొని వచ్చి, "ఏందే ఫిర్దౌస్, నీ షెడ్డేమాయె? రేకులేమాయె?" అని గట్టిగ అరిచింది. హసన్ బీ కండ్లు ఎర్రజేసింది. భూలక్ష్మి నాలిక కర్సుకున్నది. హసన్ బీ మెల్లగ సంధ్య దిక్కు చూసింది, ఇన్నదా ఇనలేదా అని. సంధ్య తల కాగితాలల్ల వెట్టి, ఏదో రాస్తున్నట్టు పెన్ను తిప్పుకుంట కూసుంది. ముసలామె ప్రాణం నిమ్మళమైంది. ఈ పిల్ల జేసిన యాక్టింగు చూస్తే నాటకాలోళ్లు సుత దండం వెడ్దురు.

పగటీలి సంధ్య అవతలికి పోయి విక్రమ్‌కు ఫోన్ చేసింది. అన్యాయం అనొద్దు, ఆ మాత్రం చేసింది. "సార్, గల్లీ రోజూ ఇట్ల ఉండదు సార్. మనం వస్తున్నమని అన్నీ తీసేసిండ్రు. చెప్పకుంట ఇంకో దినం వస్తే మంచిగుంటది."

"ఇప్పుడు నీ ముందట షెడ్డు ఉన్నదా?"

"లేదు సార్, గని..."

"లేనిది మనమెట్ల రాస్తమమ్మా? ఉన్నదే రాయి. రిపోర్టు పంపి భూపాలపల్లికి సామాన్లు సదురుకో."

సంధ్య రాసింది. గల్లీల అడ్డంకులు ఏం లేవు, వెడల్పు సరిపోతది, కొత్త ఫ్లాట్ల బండ్లను గల్లీ తట్టుకుంటది. అబద్ధమా? కాదు. నిజమా? అది సుత కాదు. తాను చూసింది ఒకటి, తనకు తెలిసింది ఒకటి. చూసింది రాసి, తెలిసింది మింగింది.

పోయేముందు హసన్ బీ ఆమె చెయ్యి పట్టుకున్నది. "మా గల్లీకి ఏం కాదు గద బిడ్డా?"

"ఏం కాదమ్మా" అన్నది సంధ్య. అంత తొందరగ ఎట్ల అన్నదో ఆమెకే తెల్వదు.

భూపాలపల్లికి పోయింది. నెత్తి మీద పసుపుపచ్చ టోపీ, కింద మనుషులు, ముందట బొగ్గు లారీల దుమ్ము. ఫోటో దిగి బాపుకు పంపింది. సారయ్య ఫోన్ చేసి, "నా బిడ్డ రోడ్డు ఆఫీసరు అయింది, ఇగ నేను రేకులు దింపే పని లేదని అందరికి చెప్పిన" అని నవ్విండు. బాపు నవ్వుతుంటే సంధ్యకు దారం ముక్కలు యాదికొచ్చినయి. లారీ వచ్చిందని చెప్పి ఫోన్ వెట్టేసింది. ఆ పొద్దు బువ్వ సయించలే. తెల్లారి సయించింది. సిగ్గుకు సుత అలవాటు వడ్తది మనిషి, అదే పాడు.

కొన్ని వారాలైనంక విక్రమ్ ఫోన్. సున్నపుబట్టి గల్లీలకు గేటు మంజూరైంది. గల్లీ షెడ్లకు నోటీసులు పోయినయి. సర్వే దినం లేని షెడ్డు ఇప్పుడు ఉన్నదంటే అది కొత్తగ ఆక్రమించుకున్నట్టు, కాబట్టి పీకేయాలని అందుల ఉన్నది. గల్లీ వాళ్లు అర్జీ వెట్టుకుంటే మున్సిపల్ ఆఫీసుల విచారణ వెట్టిండ్రు. "నువ్వు పోయి ఊకె కూసో. అడిగితే రిపోర్టుల ఉన్నదే కరెక్టు అను, అంతే" అన్నడు.

 నోటీసు దేని మీద నిలవడ్డదో సంధ్యకు ఎరుకే. రేకులు పోతే ఫిర్దౌస్ మిషన్ ఆ చీకటర్రలకు పోవాలె. చీకట్ల సూదిల దారమే ఎక్కదు, ఇగ జాకెట్లేం కుడ్తది? మొయినుద్దీన్ లారీ ఎక్కడ ఆగితే అక్కడనే ఆయన జీతం ఆగుతది. ఆ ఇల్లు నడిచేది మిషన్ మీద.

విచారణల బల్ల అవతల మున్సిపాలిటీ ఆఫీసరమ్మ కూసున్నది. నిమ్మళమైన మనిషి. రిపోర్టు చదివి, "సర్వేల షెడ్డు లేదని ఉన్నది. ఎప్పటినుంచో ఉన్నదని మీరంటున్నరు. ఏది నమ్మాలె?" అని అడిగింది. ఐలేశ్ గయ్యిన లేసిండు. "అబద్ధం రాసింది మేడం! బిల్డరుకు అమ్ముడువోయింది గీమె! గా మూలకు కూసున్నది సూడుండ్రి, తేలు కుట్టిన దొంగ లెక్క!"

సంధ్య తల ఎత్తలే. తేలు కుట్టింది నిజం, దొంగ అన్నది నిజం.

అప్పుడు హసన్ బీ కర్ర ఊతం పట్టుకొని లేసింది. "అట్లనకు ఐలేశ్. నోరు మంచిగ పెట్టుకో. ఆ పిల్ల అబద్ధం రాయలే." ఆఫీసరమ్మ దిక్కు తిరిగింది. "అమ్మా, తప్పు మాది. టేపు అనంగనే భయపడి రాత్రికి రాత్రి మేమే రేకులు దింపినం. పాపం ఆ బిడ్డకేం తెలుసు? కండ్లకు ఏం కనవడ్డదో అది రాసింది. మా ఇంట్ల చాయ్ తాగి, ఏం కాదమ్మా అని ధైర్యం చెప్పి పోయింది. మా తప్పుకు దాన్ని తిట్టొద్దు. పరాయి బిడ్డ ఉసురు మాకొద్దు."

సంధ్యకు తల కొట్టేసినట్టయింది. ఎవలన్న చెంప మీద కొడితే బాగుండు, ఐలేశ్ ఇంకో రెండు తిట్టినా బాగుండు. తనకోసం లేసి నిలవడ్డ ముసలామె కాళ్లు వణుకుతున్నయి, తాను కుర్చీల కూసోని ఆ కాళ్ల దిక్కే చూస్తున్నది. లేవాలె. లేసి చెప్పాలె. లేసింది కూడా. గని నోట్లెకెల్లి ఏం వచ్చింది? "ఇంకోసారి సర్వే చేస్తే మంచిగుంటది మేడం" అని వచ్చింది. పాము చావద్దు, కట్టె విరగద్దు. తెలిసి రాసిన అన్న మాట గొంతులనే ఉండిపోయింది.

ఆఫీసరమ్మ ఒప్పుకున్నది. "ఎల్లుండి పొద్దుగాల నేనే వస్త. ఆ పొద్దు కనవడ్డది ఎప్పటినుంచో ఉన్నట్టు లెక్క, కనవడనిది లేనట్టు, అదే ఆఖరు. మల్ల అర్జీలు తీసుకోను" అన్నది.

సంధ్య అదే మాపటికి గల్లీకి ఉరికింది. ఇల్లిల్లు తిరిగింది. "ఎల్లుండి ఏం తియ్యొద్దు. రోజూ ఎట్లుంటదో అట్లనే ఉంచుండ్రి. రేకులు, ఆటో, ఉల్లిగడ్డ బండి, గడంచెలు, అన్నీ. ఏం కాదు" అన్నది. ఐలేశ్ బీడీ కాల్చుకుంట, "సరే మేడం, మీరు ఎట్లంటే అట్ల" అన్నడు. హసన్ బీ నమాజుల ఉన్నది. ఫిర్దౌస్ తల ఊపింది. సంధ్య గండం గట్టెక్కింది అనుకున్నది.

ఎల్లుండి వచ్చింది. ఆఫీసరమ్మ వచ్చేకంటె ముందే సంధ్య గల్లీ మూల తిరిగింది, తిరిగి అక్కడనే నిలవడ్డది.

గల్లీ ఖాళీ. అద్దం లెక్క.

"ఏందన్నా గిది? ఉంచుండ్రి అన్న గద!" అని ఐలేశ్ మీదికి పోయింది.

ఐలేశ్ గోడకు ఒరిగి నిమ్మళంగ చెప్పిండు. "మీరు ఏం కాదన్నరు, అయింది. ఇప్పుడు ఉంచుండ్రి, ఏం కాదంటున్నరు. ఎట్ల ఉంచుతం? అటు చూడుండ్రి." పాత ఇల్లు కూలగొట్టేటందుకు జితేందర్ తెచ్చిన జేసీబీ గల్లీ కొసకు నిలవడి ఉన్నది. "ఆఫీసరు వస్తది, షెడ్డు కనవడ్తది, గా జేసీబీతోని ముందట్నే పీకిస్తరు. గందుకే ఉంచుమన్నవు. మాకు సమజ్ కాదనుకున్నవా? నువ్వు ఏం చెప్తే దానికి ఉల్టా చేస్తే బతుకుతమని రాత్రి అందరం కూసోని అనుకున్నం."

 జేసీబీ పాత ఇంటి కోసం వచ్చిందని సంధ్య చెప్పింది, ఎవ్వలు ఇనలే. షెడ్డు కనవడితేనే మీ షెడ్డు బతుకుతదని చెప్పింది, నవ్విండ్రు. అంతకుముందు ఒట్టిదే అయిన మాట ఇప్పుడు నిజమే అయినా ఏం ఫాయిద? ఫిర్దౌస్ దర్వాజల నిలవడి, ఎనుక చీకట్ల ఉన్న మిషన్ దిక్కు ఒకసారి, ఈమె దిక్కు ఒకసారి చూసింది. ఆఫీసరమ్మ వచ్చే టైమయింది. వచ్చి ఖాళీ గల్లీ చూసిందంటే అయిపాయె, ఆమె నోటితోని ఆమెనే ఆఖరు అన్నది.

ఇగ ఒక్కటే మాట మిగిలింది. గొంతుల ఇరుక్కున్న మాట. అది చెప్తే నమ్ముతరో లేదో తెల్వదు గని, గల్లీల తనను ఇంకా బిడ్డ అనుకునే ఒక్క మనిషి పోతది. సంధ్య హసన్ బీ ముంగట పోయి నిలవడ్డది.

"అమ్మా, ఆ పొద్దు నాకు తెల్సు."

"ఏం తెల్సు బిడ్డా?"

"మీరు రేకులు దింపిండ్రని తెల్సు. గుంజల గుంతలు చూసిన. గోడ మీద మరక చూసిన. మా బాపు సుత గిట్లనే దింపుతడు అమ్మా, మల్ల గుంజలు పట్టుకొని నిలవడేది నేనే. అంత తెలిసి, ఏం లేదని రాసిన. భూపాలపల్లిల పెద్ద పని ఇస్తమన్నరు. దాని కోసం రాసిన."

 ఐలేశ్ చేతుల బీడీ ఆరిపోయింది.

"తెలిసేనా?" అన్నది హసన్ బీ. అరవలే, తిట్టలే. సరిగ ఇనవడలేదేమో అన్నట్టు మల్ల అడిగింది. "భూలక్ష్మి అరిచింది సుత ఇన్నవా?"

"ఇన్న."

"మరి ఆఫీసుల... నేను లేసి నీ గురించి చెప్తుంటే, ఇనుకుంట కూసున్నవా?"

"కూసున్న అమ్మా."

సంధ్య ఏడ్వలే. ఏడిస్తే ముసలామెకు జాలి కలుగుతదేమో, ఆ జాలి తీసుకునే మొఖం తనకు లేదు. పెదవి గట్టిగ కర్సుకొని, కండ్లు నేలకేసి నిలవడ్డది. కింద దారం ముక్కలు ఇంకా ఉన్నయి. భూమి పగిలి మింగితే బాగుండు అనిపించింది.

ఐలేశ్ తిట్టుకుంట ముందటికొచ్చిండు. హసన్ బీ చెయ్యి అడ్డం వెట్టింది.  ఆకు నములుడు ఆపింది. ఆఖరికి కోడలు దిక్కు తిరిగి, "ఫిర్దౌస్, రేకులు తే" అన్నది.

"అమ్మీ, ఈమెను మల్ల నమ్ముతవా?"

"ఈమెను గాదు, ఈమె చెప్పిన మాటను. నలుగుట్ల తన ఇజ్జత్ తానే తీసుకునేటోళ్లు అబద్ధం ఆడరు. తే, జల్ది!"

ఇగ చూడాలె గల్లీని! ఇంట్లకెల్లి రేకులు, మంచాల కిందికెల్లి గుంజలు, దొడ్లకెల్లి డ్రమ్ములు బయటికొచ్చినయి. ఐలేశ్ ఆటో కోసం ఉరికిండు. ఉల్లిగడ్డ బండి ఉరికించుకుంట వచ్చింది. సంధ్య ఒక గుంజ ఎత్తి గుంతల నిలవెట్టి, నిటారుగ పట్టుకున్నది. ఆ పని ఆమె చేతులకు పాతదే. ఫిర్దౌస్ వచ్చి, ఏం అనకుంట, ఆ గుంజ ఆమె చేతులల్లకెల్లి తీసుకొని తానే పట్టుకున్నది. సంధ్య ఖాళీ చేతులతోని అవతలికి జరిగింది.

ఆఫీసరమ్మ వచ్చేసరికి గల్లీ ఎప్పటి గల్లీ అయింది. రేకుల కింద మిషన్ చప్పుడు, గడంచె మీద ముసలోళ్లు, సగం తొవ్వకు ఆటో. సంధ్య రాసుకుంటుంటే జితేందర్ తానే కారేసుకొని వచ్చిండు, సర్వే ఎట్లయితున్నదో చూద్దామని. ఆయన ఖర్మ ఏందో, కారు షెడ్డు కాడికి వచ్చేసరికి ఎదురుంగ ఉల్లిగడ్డ బండి, ఎనుక ఐలేశ్ ఆటో. హారన్ మీద హారన్. ఉల్లిగడ్డలాయన, "యాడికి పోవాలె సేటు, గోడలకెల్లా?" అన్నడు. కారు అద్దం గుంజకు తాకి మూసుకున్నది. ఆఖరికి గల్లీ పొడుగుత ఎనుకకు, ఎనుకకు పోయిండు, ఆడోళ్లు పైట కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వుతుంటే. ఆఫీసరమ్మ సుత నవ్వు ఆపుకొని, "ఒక్క కారుకే గిట్లయితే ఫ్లాట్ల కార్లన్నీ వస్తే ఏంది? గేటు పెద్దరోడ్డుకే" అన్నది. సంధ్య రాసిన కాగితం చూసింది. అందుల అన్నిటికంటె పైన, కుట్టుమిషన్ షెడ్డు, ఎప్పటినుంచో ఉన్నది, అని ఉన్నది.

విక్రమ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నడు. సంధ్య ఎత్తలే. ఎందుకు చేస్తున్నడో తెల్సు, భూపాలపల్లి టోపీ ఇగ ఇంకొకరి నెత్తికే.

పని అయినంక గల్లీలోళ్లు ఫిర్దౌస్ షెడ్డు కింద జమైండ్రు. ఒకటే ముచ్చట్లు, ఒకటే నవ్వులు. సంధ్య అవతల ఎండల నిలవడి కాగితాలు సదురుకుంటున్నది. కుర్చీ ఎవ్వలు వెయ్యలే. వెయ్యమని అడిగే హక్కు తనకు యాడిది?

హసన్ బీ తాంబాళంల చాయ్ తెచ్చింది. ఆఫీసరమ్మకిచ్చింది, ఐలేశ్‌కిచ్చింది, ఉల్లిగడ్డలాయనకిచ్చింది. ఆఖరికి సంధ్య కాడికి సుత వచ్చింది. అదే గ్లాసు, కింద అదే సాసర్. సంధ్య ముసలామె ముఖం దిక్కు ఆశగ చూసింది.

"తీసుకోండ్రి మేడం" అన్నది హసన్ బీ. "మా గల్లీకి వచ్చినోళ్లు చాయ్ తాగకుంట పోరు."

సంధ్య తీసుకున్నది. వేడి వేడిదే గటగట తాగింది, నాలిక కాలింది. డ్రమ్ము కాడికి పోయి గ్లాసు, సాసర్ తానే కడిగి, అరుగు మీద బోర్లించింది. ఐలేశ్ ఆటో అక్కడనే ఉన్నది గని ఆమె అడుగలే, ఆయన పిలువలే. బస్టాండుదాంక నడుచుకుంటనే పోయింది.